రెండు బండ్ల మధ్య నాలుగు గంటలు

బల్లార్షా వైపు నుంచి వచ్చిన బండి దిగారు. విజయవాడ వైపు వెళ్లే బండి కోసం కాజీపేట జంక్షన్లో నాలుగు గంటలు కాచుకోవాలి. మీరేం చేస్తారు? నూటికి తొంభై మంది చేసేది ఒకటే. ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ చూసుకుని, సామాను కాళ్ల దగ్గర పెట్టుకుని, కదలకుండా కూర్చుంటారు. అప్పటికే బండిలో ఏడెనిమిది గంటలు కూర్చుని వచ్చినవారు మళ్లీ కూర్చోవడమే విశ్రాంతి అనుకుంటారు.

విమానాలు మారేవారికీ ఇదే అవస్థ. మా ఓరుగల్లులో మామునూరు విమానాశ్రయం నిజాం కాలం నాటిది. చాలా ఏళ్లుగా మూతపడి ఉన్న దాన్ని తిరిగి తెరవడానికి 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అయినా ఈ ప్రాంతంలో ‘మధ్యలో ఆగడం’ అంటే అందరికీ తెలిసింది కాజీపేట జంక్షనే.

మన పిక్కల్లోని కండరాలు ఒక పంపు లాంటివి. నడిచినప్పుడల్లా అవి బిగిసి, కాళ్లలోని రక్తాన్ని పైకి, గుండె వైపుకు తోస్తాయి. గంటల తరబడి కాళ్లు వేలాడేసి కూర్చుంటే ఈ పంపు ఆగుతుంది, రక్తం లోపలి సిరల్లో నిలిచిపోతుంది. ఒక్కొక్కరిలో అక్కడే గడ్డ కడుతుంది. ఆ గడ్డ ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. 1940లో బాంబు దాడులకు భయపడి లండన్‌లో జనం రాత్రంతా షెల్టర్లలో, గుడ్డ కుర్చీల్లో గడిపేవారు. వారిలో ఇలాంటి హఠాన్మరణాలు పెరగడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు అప్పుడే గమనించి రాశారు. బస్సయినా, రైలయినా, విమానమైనా నాలుగు గంటలు దాటి కూర్చుంటే ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కంగారు పడకండి, రెట్టింపయినా అది ఏ కొద్దిమందికో వచ్చేదే. అయితే ఈమధ్యే ఆపరేషన్ అయినవారు, గర్భిణులు, బాలింతలు, గర్భనిరోధక మాత్రలు వాడేవారు, క్యాన్సర్ రోగులు, ఇదివరకు ఒకసారి గడ్డ కట్టినవారు ఆ కొద్దిమందిలో ఉండే అవకాశం ఎక్కువ. ఇలాంటివారు ప్రయాణం పెట్టుకునే ముందే డాక్టరును అడగాలి.

ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే దానికి నొప్పి మందు రాసి మర్దనా చేయకండి. మన ఇళ్లలో ముందు చేసే పని అదే! గడ్డ కదిలే ప్రమాదం ఉంది. ఆ వెనుక ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు వస్తే బండి సంగతి మరిచిపోయి ఆసుపత్రికి వెళ్లండి.

అంచేత మధ్యలో దొరికిన ఆ నాలుగు గంటలను శిక్షగా కాక మందుగా వాడుకోండి. మూడు గంటల లోపే వ్యవధి ఉంటే స్టేషన్ దాటవద్దు, ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు రెండు మూడు సార్లు నడవండి, చాలు. అంతకు మించి ఉంటే సామాను భద్రంగా అప్పగించి, ఆటో ఎక్కి హనుమకొండ రండి. వేయిస్తంభాల గుడి కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించినది. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ ఒకేచోట గర్భాలయాలున్నాయి. ఏళ్ల తరబడి మరమ్మతుల్లో ఉన్న కల్యాణ మంటపం 2024లో తిరిగి తెరుచుకుంది. ఆ నల్లరాతి నంది చుట్టూ, స్తంభాల మధ్య తీరిగ్గా తిరిగితే మీ పిక్కలకు కావలసిన వ్యాయామం తెలియకుండానే అయిపోతుంది. ఇంకా సమయముంటే భద్రకాళి చెరువు గట్టు మీద నడవవచ్చు. రామప్పకు మాత్రం ఆశపడకండి. అది అరవై కిలోమీటర్ల పైమాటే, మీ బండి మీకోసం ఆగదు.

ఇక్కడే మధుమేహం ఉన్నవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. గుడిలో చెప్పులు విడవాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట ఆవరణలోని రాతిపలకలు పెనంలా కాలుతాయి. చక్కెర జబ్బు ముదిరినవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, కాలినా తెలియదు. ప్రతి వేసవిలోనూ అరికాళ్లంతా బొబ్బలతో వచ్చే రోగులను చూస్తుంటాను. “ఎప్పుడు కాలిందో తెలియదు డాక్టరుగారూ” అంటారు. ఆ పుండు మానక వేలో, పాదమో తీసివేయవలసి వచ్చినవారూ ఉన్నారు. మందపాటి నూలు మేజోళ్లు వేసుకునే గుడిలోకి వెళ్లండి, దేవుడు కోప్పడడు. పొద్దున పదిలోపు గానీ, సాయంత్రం అయిదు తర్వాత గానీ వెళ్లడం మరీ మంచిది. స్టేషన్‌కు తిరిగి వచ్చాక రెండు అరికాళ్లూ చూసుకోండి. వంగలేకపోతే పక్కవారిని చూడమనండి.

ఇన్సులిన్ తీసుకునేవారు భోజనం ఎదుట పెట్టుకున్నాకే సూది వేసుకోవాలి. “పది నిమిషాల్లో వడ్డిస్తారట” అన్న మాట నమ్మి ముందే వేసుకుని, ఆ పది నిమిషాలు గంటైతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలవుతాయి. వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంటలో తేరుకోకపోతే మరోసారి తాగాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి చేర్చండి. ఇన్సులిన్‌నూ, ఆ రోజు వేసుకోవలసిన మాత్రలనూ చేతిసంచిలోనే పెట్టుకోండి, పెట్టెలో కాదు.

ఆడవాళ్లు మరుగుదొడ్డికి భయపడి ప్రయాణమంతా నీళ్లు మానేస్తారు. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం వస్తాయి, ఒంట్లో నీరు తగ్గితే రక్తమూ చిక్కబడుతుంది. ఆగిన ఊళ్లో శుభ్రమైన చోటు చూసుకుని ఆ పని ముగించి, కడుపునిండా నీళ్లు తాగండి. బి.పి.కో, గుండెకో ఒంట్లో నీరు తీసే మాత్ర వాడేవారు కూడా ఇదే భయంతో ప్రయాణం రోజు మాత్ర ఎగ్గొడతారు. మానవద్దు. వేళ ఎలా మార్చుకోవాలో ముందే మీ డాక్టరును అడగండి.

తినడానికి అప్పుడే వాయి దించిన ఇడ్లీ మేలు. కోసి పెట్టిన పండ్ల జోలికి పోకండి. ఇంటి నుంచి తెచ్చుకునేదైతే ఎండాకాలంలో పెరుగన్నం కంటే పులిహోర నిలుస్తుంది.

బండి వేళకు ముప్పావుగంట ముందే ప్లాట్‌ఫారం చేరండి. పరుగెత్తి మెట్లెక్కడం గుండె జబ్బువారికి పనికిరాదు. బండి ఎక్కాక కూడా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. వీలుకాకపోతే కూర్చున్నచోటే మడమలు ఆనించి, మునివేళ్లు ఇరవైసార్లు పైకెత్తి దించండి.