ఊళ్ళు తెచ్చుకున్న ఏరు

కుళాయి దగ్గర బిందెల వరుస చూసిన మనకి నీళ్ళ కష్టం ఒకరు చెప్పనక్కర్లేదు. రాజస్థాన్‌లో అల్వార్ జిల్లావాళ్ళది అంతకు మించిన కష్టం. అక్కడి అర్వరీ నది వానలు వెళ్ళగానే ఎండిపోయేది. బావులూ అడుగంటాయి. మగవాళ్ళు పనుల కోసం పట్నాలకు వలసపోతే, దూరం నడిచి నీళ్ళు మోసింది ఆడవాళ్ళే.

1985లో తరుణ్ భారత్ సంఘ్ తరఫున రాజేంద్రసింగ్ అక్కడికి వెళ్ళారు. ఊరి పెద్దలు ఆయనతో ముందు నీళ్ళ సంగతి చూడమన్నారట! నది జోలికి పోకుండా, చుట్టూ కొండవాలుల్లో వాననీటికి అడ్డంగా మట్టికట్టలు వేశారు. వాటిని జోహడ్‌లంటారు, మన కుంటల్లాంటివే. ఊరివాళ్ళే తట్టలు మోశారు. నిలిచిన నీరు భూమిలోకి ఇంకింది, బావులు ఊరాయి, 1990లలో నది ఏడాది పొడవునా పారింది.

అసలు చిక్కు అప్పుడే వచ్చింది. 1996లో ప్రభుత్వం నదిలో చేపలు పట్టే హక్కు కాంట్రాక్టుకిచ్చేసింది. ఊళ్ళు ఎదురుతిరిగి రద్దు చేయించాయి. ఆ తర్వాత 70 దాకా ఊళ్ళు కలిసి 'అర్వరీ సంసద్' పెట్టుకుని కట్టుబాట్లు రాసుకున్నాయి. నదిలోంచి నేరుగా మోటారుతో తోడకూడదు. చెరకు, వరి వెయ్యకూడదు. వాళ్ళది రొట్టెల వంటిల్లు, వరి లేకపోతేనేం అనుకుంటాం. కానీ చెరకంటే చేతికి డబ్బొచ్చే పంట కదా! అది మానేటప్పుడు ఆ ఇళ్ళల్లో ఎన్ని మాటలు నడిచి ఉంటాయో!