చుక్కలే కదా అని వేసేసుకోకండి!

మా రాజోలు వైపు ఎవరికి కన్ను ఎర్రబడినా ఫొటో తీసి నాకు వాట్సాప్ చేస్తారు. "ఇంజనీరువి కదరా, గూగుల్లో చూసి ఏ చుక్కలు వెయ్యాలో చెప్పు" అంటాడు మా బాబాయి. నేను చదివింది కోడింగ్, డాక్టరీ కాదు. అందుకే మందు పేరు చెప్పను. మూడు ప్రశ్నలు మాత్రం అడుగుతాను. నొప్పి గట్టిగా ఉందా? చూపు మసకబారిందా, వెలుతురు చూడలేకపోతున్నారా? కంట్లో ఏదైనా పడిందా, గీసుకుందా? ఏ ఒక్కదానికి "అవును" అన్నా ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళయితే కన్ను ఎర్రబడగానే లెన్స్ తీసేసి చూపించుకోవాలి.

కళ్ళకలక అయితే...

2023 జులై, ఆగస్టుల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ కళ్ళకలక ఎలా తిరిగిందో గుర్తుందిగా? ఇది ఎక్కువగా అడెనోవైరస్ వల్ల వస్తుంది. కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది, పొద్దున్నే రెప్పలు అతుక్కుంటాయి. చూపు మాత్రం సాధారణంగా బాగానే ఉంటుంది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందన్నది వట్టి మాట. చేతులు, తువ్వాలు, దిండు గలీబు, చేతులు మారే ఫోన్... వీటి వల్ల అంటుకుంటుంది. ఒకటి రెండు వారాల్లో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. చల్లటి నీళ్ళలో తడిపిన శుభ్రమైన గుడ్డ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచెయ్యదు.

అసలు ప్రమాదం ఇక్కడ

కోనసీమలో వరి కోతలు, నూర్పిళ్ళు, కొబ్బరి దింపులు ఉంటూనే ఉంటాయి. వరి ఆకు కొస తగలొచ్చు, ఊక ఎగిరి కంట్లో పడొచ్చు. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఉంటుంది, దాన్నే కార్నియా అంటారు. దాని మీద చిన్న గీత పడినా ఫంగస్ లోపలికి దిగి పుండు కడుతుంది. నొప్పి, నీరు కారడం, ఆపైన నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తాయి. పుండు మీంచి కాస్త గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే అది ఫంగసో బ్యాక్టీరియానో తెలుస్తుంది. మందు దాన్ని బట్టే ఉంటుంది.

ఇలాంటి కంట్లో స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఏమవుతుందో తెలుసా? ఎరుపు తగ్గుతుంది, హాయిగానూ ఉంటుంది. లోపల ఫంగస్ మాత్రం పెరిగిపోతుంది. ముదిరితే కార్నియా మార్చాల్సి రావచ్చు, చూపే పోవచ్చు. ఇతర జబ్బులకైనా సరే, డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లాలు రావచ్చు. అందుకే సీసా మీద చిన్న అక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్, లోటెప్రెడ్నాల్ - ఇవన్నీ స్టెరాయిడ్లే. తల్లిపాలు, నందివర్ధనం రసం, ఆకు పసరు కూడా కంట్లో వెయ్యొద్దు.

చెవి, ముక్కు కూడా అంతే

చెవిపోటు రాగానే వేడి నూనె పొయ్యడం మనకి అలవాటు. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలికి పోతుంది. చెవి దురద, దిబ్బడ ఉంటే తడి వల్ల ఫంగస్ పట్టి ఉండొచ్చు. బడ్స్‌తో తిప్పితే ఇంకా ఎక్కువవుతుంది. రాత్రికి రాత్రి ఒక చెవి వినపడకపోతే జలుబని ఊరుకోవద్దు. ఆలస్యం చేసేకొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది.

ఇక ముక్కు దిబ్బడకి వేసుకునే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు మూడు నుంచి అయిదు రోజులు దాటి వాడకూడదు. దాటితే మందు ఆపగానే దిబ్బడ రెట్టింపై తిరిగొస్తుంది. మళ్ళీ చుక్కలు, మళ్ళీ దిబ్బడ!

ఎక్కడికి వెళ్ళాలి?

కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో కంటి విభాగం, చెవి-ముక్కు-గొంతు విభాగం రెండూ ఉన్నాయి. కార్నియా సమస్య ముదిరితే విజయవాడలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ముందు మాత్రం దగ్గర్లోని కంటి డాక్టర్‌కే చూపించండి. రోజులు గడిస్తే పుండు లోతుకి పోతుంది.

ఇంకో మాట. మూత తీసిన కంటి చుక్కలు మామూలుగా నెల దాటితే వాడకూడదు. మీ ఫ్రిజ్ తలుపులో పోయినేడాది సీసా ఉంటే, ఇప్పుడే తీసి పారెయ్యండి.