రవాన్ మ్రోగే దీవిలో రామభజన

జంషెడ్‌పూర్ నగరానికి ఎదురుగా, ఖర్కాయి నది ఆవలి గట్టున ఆదిత్యపూర్ ఉన్నది. నేడు అక్కడ కర్మాగారాల వరుసలు కనిపిస్తాయి. ఉక్కు పరిశ్రమలో కొలువు కోసం కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నవి. కాని పొట్ట చేతబట్టుకొని మనుషులు ఇక్కడికి రావడం మొదలు కాకముందే, ఇక్కడి నుండి పోవడం మొదలయినది. ఛోటానాగపూర్ కొండలకు చెందిన 36 మంది ఆదివాసులు కలకత్తా రేవులో ‘అట్లాస్’ అనే ఓడ ఎక్కి, 1834 నవంబరు 2వ తేదీన హిందూమహాసముద్రంలోని ఒక చిన్న దీవిలో దిగారు. ఆ దీవి మారిషస్. చెరకు తోటలలో పని చేయడానికి ఒడంబడిక కూలీలుగా వెళ్ళినవారు వారు. ఆ తరువాత ఎనిమిది దశాబ్దాలకు పైగా సాగిన ఈ వలసలో సుమారు నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ తీరాన కాలు మోపారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

మూటాముల్లెలో పెద్దగా ఏమీ లేని ఆ జనం వెంట తీసుకొనిపోగలిగినది ఒక్కటే: పాట. ఆ పాట ఏమయినదన్నది ఆలోచింపదగిన విషయం.

మారిషస్ ప్రధాన ద్వీపం వైశాల్యం రెండువేల చదరపు కిలోమీటర్ల లోపే. మన జిల్లాలలో అంతకంటె పెద్దవి చాలా ఉన్నవి. అంత చిన్న గడ్డ మీద ఆఫ్రికా, మడగాస్కర్, భారతదేశం, చైనా, ఐరోపా సంతతుల వారు కలిసి జీవిస్తున్నారు. భారతీయులు రాకపూర్వం ఆ తోటలలో చాకిరి చేసినవారు బానిసలు. ఫ్రెంచివారి ఏలుబడిలో ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుండి వారిని పట్టి తెచ్చారు. 1810లో దీవి ఆంగ్లేయుల వశమయినది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయినది. పగలంతా కొరడా క్రింద నలిగిన ఆ మనుషులు రాత్రివేళ నిప్పు చుట్టూ చేరి పాడుకొన్నదే ‘సెగా’.

సెగాకు ముఖ్యమైన వాద్యం ‘రవాన్’. గుండ్రని చెక్క చట్రానికి మేకతోలు బిగించిన వెడల్పాటి డప్పు ఇది. వాయించే ముందు దీనిని మంటకు కాచాలి. తోలు వేడెక్కి బిగిస్తేనే నాదం పలుకుతుంది. డప్పును సెగ చూపి శ్రుతి చేసే తెలుగు పల్లెవాసికి ఈ మర్మం కొత్తగా చెప్పవలసినది కాదు. దీనికి తోడు, లోపల గింజలు పోసి ఊపే ‘మరవాన్’ అనే పలుచని పెట్టె, ఇనుప త్రికోణం ఉంటాయి. నర్తకుల పాదాలు నేలను విడువక జరుగుతూంటాయి. నడుము, చేతులు మాత్రం లయను అనుసరిస్తాయి. పాట భాష క్రియోల్. ఫ్రెంచి మాటల పునాదిపై బానిసలు కట్టుకొన్న భాష అది. దొరలకు, మతపెద్దలకు చాలాకాలం సెగా అంటే చిన్నచూపే. కాని కూలివాని కష్టం, ప్రేమ, ఎత్తిపొడుపు అన్నీ అందులోనే దాగినవి.

ఇక తెలుగువారి సంగతి. గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడ సమీపాన కోరంగి రేవు ఉండేది. 1839 నవంబరులో వచ్చిన ఘోరమైన ఉప్పెన ఆ పట్టణాన్ని ధ్వంసం చేసినది. అయినా 1843లో ఆ రేవు పేరే పెట్టుకొన్న ‘కోరింగ ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలతో మారిషస్ చేరినది. గోదావరి, విశాఖ, గంజాం ప్రాంతాల ప్రజలు ఆ దీవికి వెళ్ళినవారిలో ఎక్కువ. వారు తమతో సింహాద్రి అప్పన్నను, అమ్మోరును, రాముణ్ణి తీసుకొనిపోయారు. నేటికీ అక్కడి తెలుగువారు అప్పన్న పూజ, అమ్మోరు పండుగ జరుపుకొంటారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం.

వీటన్నిటిలో సంగీతానికి ఆయువుపట్టు రామభజన. నడుమ దీపపు సెమ్మె నిలిపి, వెలుగుతున్న ఆ జ్యోతి చుట్టూ భజనపరులు తాళాలు మ్రోగిస్తూ, పాడుతూ, అడుగులు వేస్తూ తిరుగుతారు. ఈ భజన తెల్లవార్లూ సాగే ఆచారమున్నది. మన పల్లెలలోని చెక్కభజన, పండరిభజనలు ఎరిగినవారికి ఆ అడుగు పరిచితమే. ఆశ్చర్యమేమంటే, తెలుగులో నాలుగు మాటలు కూడబలుక్కొని మాట్లాడలేనివారు సైతం ఆ వలయంలో నిలిచి తెలుగు కీర్తనలు గొంతెత్తి పాడగలరు. 2011 జనగణన నాటికే దీవిలో 80 శాతానికి పైగా ప్రజలు ఇంట క్రియోల్ మాట్లాడుతున్నారు. అంటే భాష ఇంటిని విడిచినది. పాట మాత్రం దీపాన్ని విడువలేదు.

ఇది తెలుగువారికి మాత్రమే పరిమితమైన కథ కాదు. బీహారు ప్రాంతం నుండి వెళ్ళిన భోజపురీ స్త్రీలు పెండ్లికి ముందు ‘గీత్ గవాయీ’ జరుపుతారు. ధోలక్‌తో పాటు వంటింటి చెంబు, పళ్ళెం, చెంచా వాద్యాలవుతాయి. ముత్తవ్వలు పాడిన పాటలను మనుమరాళ్ళు అందుకొంటారు. 2014లో సంప్రదాయ సెగాను, 2016లో గీత్ గవాయీని యునెస్కో మానవజాతి వారసత్వ సంపదగా గుర్తించినది.

సెగా మాత్రం నిలిచిన నీరు కాదు. 1900లో జన్మించిన జాన్ ఆల్ఫోన్స్ రవాతోన్‌ను జనం ‘తి ఫ్రేర్’, అనగా తమ్ముడు, అని పిలుచుకొన్నారు. 1964లో లె మోర్న్ కొండ దగ్గర జరిగిన సెగా ఉత్సవంలో ఆయన సెగా రాజుగా కీర్తి పొందాడు. ఆ తరువాత గిటారు, విద్యుత్ వాద్యాలు ప్రవేశించి, సెగా విందుశాలలకు, యాత్రికుల హోటళ్ళకు ఎక్కినది. 1968లో దేశం స్వతంత్రమయినది. 1970ల దశకంలో ‘సోలే రూజ్’ వంటి బృందాలు క్రియోల్ పాటను కార్మికుల పక్షాన నిలిపాయి. వీరిలో భారతీయ సంతతి యువకులూ ఉన్నారు. రవాన్ ప్రక్కన మన వాద్యాలకూ చోటు దొరికినది.

1980ల దశకంలో కాయా అనే పేరుతో ప్రసిద్ధుడైన జోసెఫ్ రెజినాల్డ్ తోపీజ్, జమైకా రెగ్గేను సెగాతో మేళవించి ‘సెగ్గే’కు ప్రాణం పోశాడు. పేదవాడలో పుట్టిన అతని పాట, దీవిలోని జాతులన్నీ ఒక్కటి కావాలని కోరినది. 1999 ఫిబ్రవరిలో, గంజాయి చట్టాన్ని సడలించాలన్న సభలో పాల్గొన్న పిదప అతణ్ణి నిర్బంధించారు. ఫిబ్రవరి 21న పోలీసు నిర్బంధంలోనే అతడు మరణించాడు. కొన్ని దినాలపాటు దీవి అట్టుడికినది, ప్రాణాలు పోయినవి. ఐక్యతను పాడిన గాయకుని మృతి, జాతుల నడుమ పేరుకొన్న అపనమ్మకాన్ని బయటపెట్టినది. చిన్న దీవిలో పాట కేవలం వినోదం కాదని ఆ రోజులు నిరూపించాయి. ఒకనాడు చిన్నచూపునకు గురియైన క్రియోల్‌ను 2012 నుండి పాఠశాలలలో బోధిస్తున్నారు.

తెలుగు కూడా అక్కడి బడులలో ఐచ్ఛిక విషయంగా ఉన్నది. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భాషతోపాటు భారతీయ సంగీతం నేర్పుతారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు ఆ దీవి ఆతిథ్యమిచ్చినది. అయినా అసలు ప్రశ్న మిగిలే ఉన్నది. అర్థం తెలియని పాట ఎన్ని తరాలు నిలుస్తుంది? బడిలో పిల్లవాడు నేర్చిన పదం, రాత్రి దీపం దగ్గర తాత పాడే చరణంలో అతనికి తటస్థపడిన నాడే ఆ రెండూ బ్రతుకుతాయి. బడి ఒక్కటే చాలదు, భజన ఒక్కటే చాలదు.

ఈ ప్రశ్న మారిషస్‌కే పరిమితం కాదు. ఆదిత్యపూర్‌లో హిందీ బడికి పోయి, ఇంట తెలుగు వినే పిల్లలకూ ఇది వర్తిస్తుంది. వారికి ఊరు కొన్ని వందల మైళ్ళ దూరంలో, రైలు అందుబాటులో ఉన్నది. సముద్రం దాటినవారికి ఆ వీలు లేకపోయినా, సుమారు 180 ఏండ్లుగా ఒక దీపం చుట్టూ తిరుగుతూ పాటను కాపాడుకొన్నారు. రవాన్ అయినా, రామభజన అయినా నేర్పే పాఠం ఒక్కటే. తోలును ప్రతిసారీ మంటకు కాచవలసిందే. సెమ్మెలో ప్రతిసారీ చమురు పోయవలసిందే.