రాతి ఇంట్లో వైఫై కాల్

మాచర్ల, పిడుగురాళ్ల ప్రాంతాల్లో నాపరాయికి కొదవ లేదు. పాత ఇళ్లకు మందపాటి రాతి గోడలు, కొత్త ఇళ్లకు ఇనుప చువ్వల శ్లాబు. ఈ రెండూ సెల్ తరంగాలను బలహీనపరిచేవే. వీధిలో నాలుగు గీతలు చూపిన ఫోను వెనకింట్లోకి వెళ్లేసరికి ఒక్క గీతకు దిగుతుంది. ఫోను మోగగానే మాట్లాడుతూ వాకిట్లోకి పరుగెత్తడం పల్నాడులో అందరికీ అలవాటే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల సంగతే కష్టం.

ఈ ఇబ్బందికి వైఫై కాలింగ్ మంచి విరుగుడు. మన దేశంలో ఈ సదుపాయాన్ని 2019 డిసెంబరులో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో ప్రవేశపెట్టాయి. వాట్సాప్ కాల్‌కు అవతలివారి దగ్గర కూడా ఆ యాప్ ఉండాలి. వైఫై కాలింగ్‌కు ఆ అవసరం లేదు. మన నంబరు మారదు, అవతల ఏ ఫోనున్నా మోగుతుంది. టవరు అందకపోతే ఫోను ఇంటి రౌటరు గుండా ఇంటర్నెట్‌లో ఒక రహస్య మార్గం ఏర్పరచుకుని, నేరుగా టెలికాం కంపెనీ కేంద్రానికి చేరుతుంది.

మాట వెళ్లే తీరు గమనించదగ్గది. ఫోను మన గొంతును సెకనులో యాభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ పొట్లం కట్టి పంపుతుంది. ఒక ముక్కలో మాట సుమారు 32 బైట్లు. దాని మీద చిరునామా వివరాలే 40 బైట్లు, రహస్య మార్గపు తొడుగు ఇంకా అదనం. ఉత్తరం కన్నా కవరే బరువన్నమాట. అయినా నిమిషం మాటకు అయ్యే డేటా ఒక మెగాబైటుకు అటూఇటూ మాత్రమే. పాత ఫోన్లు 3,400 హెర్ట్జ్ దాటిన ధ్వనిని వదిలేసేవి. ఇప్పటి పద్ధతిలో 7,000 దాకా వినిపిస్తుంది. స, శ వంటి అక్షరాల ఒరిపిడి ఎక్కువగా ఉండేది ఆ పై భాగంలోనే. వినికిడి తగ్గిన తాతగారికి మనవరాలి మాట తెలియడానికి ఇదెంతో సాయం.

అయితే ఆ పొట్లాలు వరుసగా, వేళకు అందాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు మించితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోతుంటారు. అదే వైఫై మీద పిల్లలు వీడియోలు చూస్తుంటే ఈ బాధ తప్పదు. మాట్లాడుతూ గేటు దాటితే కాల్ టవరుకు మారాలి. అక్కడ సిగ్నల్ అందకపోతే తెగిపోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది కరెంటు. పాత ల్యాండ్‌లైనుకు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల విద్యుత్తు తీగలో వచ్చేది. ఊరంతా చీకటైనా అది పలికేది. రౌటరుకు ఆ భాగ్యం లేదు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వెళ్లింది. ఈదురుగాలికి స్తంభం పడితే దీపమూ పోతుంది, ఇంటర్నెట్టూ పోతుంది. వైఫై కాల్ భారమంతా గృహస్థు భుజాల మీదే ఉంది. రౌటరుకు కరెంటు ఆగకుండా చూసుకోవాల్సిందీ అతనే. రౌటరుకు సాధారణంగా 12 వోల్టులు చాలు. చిన్న బ్యాటరీ బ్యాకప్‌తో కొన్ని గంటలు నిలబెట్టవచ్చు.

అత్యవసర వేళ ఇంకో చిక్కుంది. టవరు ద్వారా వచ్చిన కాల్ ఏ ప్రాంతానిదో టవరును బట్టి అంచనా వేయవచ్చు. ఇంటర్నెట్ దారిన వచ్చినదానికి ఆ ఆనవాలు దొరకదు. అందుకే 108కి, 112కి ఫోను చేసేటప్పుడు ఊరు, వీధి, దగ్గరి గుడో బడో ముందు చెప్పాలి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లున్న ఇంట్లో ఒకసారి వైఫై ఆపి, టవరు సిగ్నల్ ఎక్కడ నిలుస్తుందో చూడండి. గడప దగ్గరో కిటికీ పక్కనో ఆ చోటు దొరికితే మంచమో కుర్చీయో అక్కడే వేయించండి.