లిటన్ దాస్ ఇల్లు కాలలేదు

బంగ్లాదేశ్‌లో హిందూ క్రికెటర్ లిటన్ దాస్ ఇల్లు తగలబెట్టారన్న వీడియో 2024 ఆగస్టు నాటిది. చేవెళ్ల, మొయినాబాద్ వాట్సాప్ గ్రూపుల్లో అది ఇంకా చావలేదు. ఫలితం? ఫాంహౌసుల గోడలు కట్టే ముర్షిదాబాద్ కూలీని పట్టుకుని ‘నువ్వు బంగ్లాదేశీవా?’ అని నిలదీయడం. ముర్షిదాబాద్ మన దేశంలోనే ఉందని చెప్పాల్సి రావడం మన ఖర్మ.

కాలిన ఇల్లు మష్రఫే మొర్తజాది. ఆయనా క్రికెటరే, మాజీ కెప్టెన్. ముస్లిం. అప్పట్లో ప్రధాని షేక్ హసీనా పార్టీ అవామీ లీగ్ ఎంపీ. ఆగస్టు 5న ఆమె దేశం విడిచి పారిపోగానే నరాయిల్‌లో ఆయన ఇంటి మీద పడ్డారు. తన ఇంటికేమీ కాలేదని లిటన్ దాసే ఫేస్‌బుక్‌లో రాశాడు. దాన్నెవరు ఫార్వర్డ్ చేస్తారు? అందులో మంటల్లేవు కదా!

‘టీవీలోనూ చూశాం’ అంటారు. టీవీ సంగతి ట్యాంక్‌బండ్ చూసిన మనకు వేరే చెప్పాలా? 2011 మార్చి 10న తెలంగాణ కోసం అక్కడ మిలియన్ మార్చ్ జరిగింది. అంతకు ముందు నెలలో ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్‌ను దించిన కైరో తహ్రీర్ చౌక్ స్ఫూర్తితో పెట్టుకున్న పేరది. పోలీసులు దారులు మూసినా జనం చేరారు. విగ్రహాలూ కూలాయి. రెండూ నిజమే. ఏది ఎంతసేపు చూపాలన్నది మాత్రం స్టూడియోల్లో తేలింది.

హసీనాను దించిన ఢాకా కథా అంతే. సర్కారు కొలువుల్లో స్వాతంత్ర్య యోధుల వారసుల 30 శాతం కోటా మీద మొదలైన గొడవ పాశ్చాత్య ఛానెళ్లకు యువతరం తిరుగుబాటు. మన ఛానెళ్లలో చాలావాటికి విదేశీ కుట్ర. 2024 జూలై 1 నుంచి ఆగస్టు 15 దాకా 1,400 మంది వరకు చనిపోయి ఉండొచ్చని, వారిలో అత్యధికుల్ని భద్రతా బలగాలే కాల్చాయని ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పింది.

ఒకటి మాత్రం ఒప్పుకోక తప్పదు. హిందువుల ఇళ్ల మీద, గుళ్ల మీద దాడులు నిజంగానే జరిగాయి. ఆ నివేదికలోనే ఉంది. విద్యార్థుల విజయం చూపే సంబరంలో కొన్ని విదేశీ ఛానెళ్లు వాటిని వార్తల చివరికి నెట్టాయి. దాని మీద కోపం న్యాయమే. కానీ దొంగ వీడియో పంపితే, రేపు నిజంగా ఇల్లు కాలినవాడి మాట కూడా ఎవరూ నమ్మరు.

బీబీసీ, అల్ జజీరా చెబితే ఇక తిరుగులేదా? అల్ జజీరా ఖతార్ సర్కారు డబ్బుతో నడుస్తుంది. 2011లో దాని అరబిక్ ఛానెల్ ఈజిప్టును రాత్రింబవళ్లు చూపి, ఖతార్ పొరుగునే ఉన్న బహ్రెయిన్ ఉద్యమం దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించింది. ఇక విదేశీ కుట్ర మాటకొస్తే, ప్రతి విప్లవం వెనకా అమెరికాయేనా? మరి 1979లో తన మనిషైన ఇరాన్ షాను తానే దింపుకుందా?

వీడియో వస్తే ఊరు, తేదీ వెతకండి. యజమానులు వేరైన రెండు ఛానెళ్లు పెట్టి చూడండి. అంత ఓపిక లేకపోతే ఫార్వర్డ్ నొక్కకండి. కూలీని ఆధార్ అడగడం మీ పని కాదు.