గుండెల మీద కూసున్నది దయ్యమేనా?

పరీక్షలు దగ్గరపడ్డాయంటే మన హాస్టల్లో ఎవరో ఒకరు ఈ మాట చెబుతారు: "నడిరాత్రి మెలకువ అయిందిరా. కండ్లు తెరిచే ఉన్నయ్, కాలు చెయ్యి కదలలేదు, గుండెల మీద ఎవరో కూసున్నట్టే ఉండె." జమ్మికుంట చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మనకు 'గాలి సోకింది' అనే మాట చిన్నప్పటి నుంచే తెలుసు. కాబట్టి వెంటనే దయ్యమని తేల్చేస్తాం. తర్వాత తాయత్తు.

చెప్పినవాడు అబద్ధమాడలేదు. కలలో పరుగెత్తే మనిషి నిజంగా లేచి పరుగెత్తకుండా మెదడు ఆ సమయంలో కండరాలను పనిచేయనీయదు. ఒక్కోసారి మెలకువ ముందు వస్తుంది, ఒళ్ళు ఇంకా ఆ పట్టులోనే ఉంటుంది. వైద్యులు దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. కొద్ది క్షణాల్లోనో, ఒకటి రెండు నిమిషాల్లోనో దానంతటదే పోతుంది. ప్రాణభయం లేదు. నిద్ర చాలనివారికి, వెల్లకిలా పడుకునేవారికి ఎక్కువగా వస్తుంది. (రాత్రి రెండింటి దాకా చదివే మిత్రులు గమనించగలరు.)

జపాన్ వారు దీన్ని 'కనాషిబారి' అంటారు, లోహంతో కట్టేసినట్టు అని అర్థం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి కూర్చుందనేవారు. బరువు అందరికీ ఒకటే, పేరు మాత్రం ఎవరి ఊరు వారికి ఇచ్చింది. కన్ను, చెవి, చర్మం కబురు తెస్తాయే గాని దాని అర్థం చెప్పవు. అర్థం మనం అల్లుకున్నదే.

అట్లయితే 'నిద్ర పక్షవాతం' కూడా అల్లికే కదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. అదీ మనిషి అల్లినదే, కాని పరీక్షకు నిలబడుతుంది. నిద్రలో మెదడును, కండరాలను యంత్రాలతో కొలిచి చూడవచ్చు, తప్పని తేలితే మార్చుకోవచ్చు. దయ్యానికి ఆ దారి లేదు. తాయత్తు కట్టినా మళ్ళీ వస్తే, దయ్యం గట్టిదంటారు!

తాయత్తుతో ఆగితే నష్టం తక్కువే. దయ్యం అనగానే "ఎవరు పంపిండ్రు?" అనే ప్రశ్న వస్తుంది. బాణామతి, మంత్రాల నెపంతో మన తెలంగాణ పల్లెల్లో మనుషులను కొట్టారు, పళ్ళు ఊడగొట్టారు, చంపారు కూడా.

ఇక, మనలాంటి హాస్టళ్ళు అవసరం కావడానికి కారణమైన నమ్మకానికి అడుగున ఆ బరువైనా లేదు. మనం ముట్టిన నీళ్ళు మైలపడతాయట. రంగు మారదు, వాసన మారదు, రుచి మారదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్‌లో డాక్టర్ అంబేద్కర్ తన వారితో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ తర్వాత అగ్రవర్ణాలవారు ఆవు పేడ, మూత్రం కలిపి కుండలతో పోసి చెరువును శుద్ధి చేశామన్నారు. కంటికి కనిపించే మురికి శుద్ధి అయింది, కనిపించనిది మైల అయింది. ఇక్కడ నమ్మకం ఇంద్రియాలు చెప్పేదాన్ని వివరించడం లేదు, వాటి నోరు మూయిస్తోంది. ఆ చెరువు నీటిపై కేసు బొంబాయి హైకోర్టు దాకా పోయి, మన పక్షాన తీర్పు వచ్చేసరికి 1937 అయింది.