ఏలిక మారితే ఈనాము ఎవరిది?

ఉప్పల్‌లో ఇంటిస్థలం కొందామని మా తమ్ముడు కాగితాల కట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. "పాత మాటలు నీకు తెలుస్తాయి, కాస్త చూడన్నయ్యా" అన్నాడు. పహాణీలో ఒకచోట ‘ఇనాం’ అని వున్నది. ఆ ఒక్క మాట దగ్గర బేరం ఆగిపోయింది.

ఆ ప్రాంతంలో పేర్లే సగం చరిత్ర చెబుతాయి. ఉప్పల్ ఖాల్సా అంటే శిస్తు నేరుగా సర్కారుకు చేరిన భూమి. ఉప్పల్ భగాయత్ అంటే తోటల భూమి. పక్కనున్న నాచారం ఫ్యాక్టరీల పేట అయింది. ఇనాము మాత్రం ఏలికలు దయచేసినది: గుడికో, పండితునికో, చెరువు నీళ్లు పంచే నీరడికో, ఊరి కమ్మరికో.

మరి ఏలికే మారితే?

1800 అక్టోబరు 12 నాటి సంధితో నిజాం రాయలసీమను కంపెనీకి వదిలాడు. భూమితోపాటు ఇనాముదార్లూ కొత్త ఏలుబడిలోకి వచ్చారు. 1858లో మదరాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్, సనదు చూపలేకపోయినా యాభై యేళ్ల అనుభవముంటే హక్కుగా ఒప్పుకున్నది.

అమెరికా కథ వేరు. 1848 సంధిలో మెక్సికో న్యూమెక్సికోను వదులుకున్నది. అక్కడి జనం ఆస్తులను మన్నిస్తామని అమెరికా మాట యిచ్చింది. అయినా ఊరుమ్మడి బీళ్లు ఊరివి కావు, ప్రభుత్వానివేనని 1897లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. శాన్ మిగెల్ గ్రామస్థులు అడిగినది సుమారు 3,15,000 ఎకరాలు. దక్కినది 5,000కు అటూ యిటూ. ఇళ్లూ పొలాలూ మిగిలాయి, పశువులు మేసే నేల పోయింది. వారి మనుమలు నేటికీ అడుగుతూనే వున్నారు.

తెలంగాణలో 1955 నాటి ఇనాముల రద్దు చట్టం వేసే ప్రశ్న సూటిగా వుంటుంది: 1973 నవంబరు 1న ఆ నేలను సొంతంగా సాగుచేస్తున్నదెవరు? ఆర్డీవో విచారించి, అర్హులైన వారికి ఆక్యుపెన్సీ ధ్రువపత్రం యిస్తాడు. సేవా ఇనాములకు నియమాలు వేరు. ఫర్మానా ఎంత పాతదన్నది కాదు, నాగలి ఎవరిదన్నదే ముఖ్యం.

"అయితే ఏం చేద్దామన్నయ్యా?"

"ఆ ధ్రువపత్రం చూపించమను."

అమ్మేవారు "రేపే తెస్తాం" అన్నారు. ఆ రేపు యింకా రాలేదు. తమ్ముడి డబ్బు మాత్రం బ్యాంకులో భద్రంగా వున్నది.